ముత్తవ్వ పేరు

మా ప్రాంతపు ఊళ్ళ పేర్లు వరసగా చదివితే ఒక సంస్థానపు వంశవృక్షం చదివినట్టే ఉంటుంది. అందోలు-పాపన్నపేట సంస్థానాన్ని ఏలిన రాణి శంకరమ్మ పేరున శంకరంపేట, ఆ వంశానికే చెందిన సంగారెడ్డి పేరున సంగారెడ్డి, సదాశివరెడ్డి పేరున సదాశివపేట వెలిశాయని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. ఇంకా వెనక్కి పోతే మన పటాన్‌చెరు, శాసనాల్లో కనిపించే పొట్టలకెరె. 11వ శతాబ్దంలో పశ్చిమ చాళుక్య చక్రవర్తి రెండవ జయసింహుడు ఇక్కడి నుంచి రాజ్యం చేశాడు. ఆయన రాణి సుగ్గలదేవికి గురువు జేడర దాసిమయ్య. జేడరుడంటే నేతగాడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఆయన కథ చెప్పాడు కాబట్టి ఆ నేతగాడి పేరు ఎనిమిది వందల ఏళ్ళుగా నిలిచే ఉంది.

మాదీ నేతగాళ్ళ ఇల్లే. అయితే మా వాళ్ళలో రాజులు లేరు, రాజగురువులూ లేరు. కాబట్టి నాకు కొన్నేళ్ళ కిందట కలిగిన ప్రశ్న చాలా చిన్నది. మా తాత తల్లి, అంటే మా ముత్తవ్వ, పేరేమిటి? పెత్తరమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు తాత పేరు, ముత్తాత పేరు చెప్పేవాళ్ళం. నాయనమ్మ పేరూ చెప్పేవాళ్ళం. ముత్తవ్వ దగ్గరికి వచ్చేసరికి అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళం. మా నాయనను అడిగితే "అవ్వను అవ్వ అనే పిలిచినం గదా, పేరుతోని ఏం పని?" అన్నాడు. ఆ ఒక్క పేరు కోసం వెతుకుతూ పోతే ఒక సామాన్య కుటుంబపు చరిత్ర ఎక్కడెక్కడ దాగి ఉంటుందో కొంత తెలిసింది. మిత్రుల్లో ఎవరికైనా పనికి రావచ్చునని ఈ టపా రాస్తున్నాను.

మొదట, ఆ చరిత్ర మా ఇంట్లో ఎందుకు లేదో చెప్పాలి. మా ఊరు మంజీర ఒడ్డున ఉండేది. 1980లలో సింగూరు జలాశయం కట్టినప్పుడు మునిగిపోయింది. నష్టపరిహారం కాగితాలతో తలా ఒక దిక్కు పోయారు. అప్పటికే మా నాయన మగ్గం వదిలి పటాన్‌చెరులో ఒక కర్మాగారంలో పనికి చేరాడు. ఈ కథ మా ఒక్క ఇంటిది కాదు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరు పక్కన ఇక్రిశాట్, ఆపైన పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. ఇక్రిశాట్ ప్రాంగణం సుమారు 3,500 ఎకరాలు. దానికోసం కాచిరెడ్డిపల్లి, మన్మూల్ అనే రెండు ఊళ్ళు తమ చోటు ఖాళీ చేయవలసి వచ్చింది. జొన్న, కంది వంటి మెట్ట పంటలపై ప్రపంచానికంతటికీ పరిశోధన చేసే ఆ పొలాల్లో ఒకప్పుడు ఎవరెవరి గడపలు ఉండేవో చెప్పగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఊరు పోతే పోయేది ఇళ్ళు మాత్రమే కాదు. ఎవరి ఇంటి పక్క ఎవరి ఇల్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు అని చెప్పే అరుగు కూడా పోతుంది. మన దగ్గర వంశచరిత్రను ఎవరూ ఇంట్లో రాసిపెట్టుకోలేదు. అడిగితే చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉన్నారన్న ధీమాతో బతికారు. ఆ ధీమా ఊరితోపాటే మునిగింది.

ఇక వెతుకులాట. మొదటి ఆధారం ఇంటిపేరు. తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో చాలావాటికి ఊరి పేరే మూలం. ఇందులో ఒక చిన్న తర్కం ఉంది. ఏ ఊళ్ళోనూ ఆ ఊరివాణ్ణి ఆ ఊరి పేరుతో పిలవరు. ఊరంతా ఆ ఊరివాళ్ళే అయినప్పుడు ఆ పేరుతో గుర్తుపట్టడం కుదరదు. ఇంకో ఊరికి పోయాకే ఆ పేరు అంటుకుంటుంది. కాబట్టి ఇంటిపేరులో ఊరు ఉందంటే, ఆ కుటుంబం ఎప్పుడో ఆ ఊరు వదిలిందని అర్థం. మన ఇంటిపేర్లు చాలావరకు వలసల జాబితాయే. అయితే ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుంది. అందుకే గోత్రం కూడా కావాలి. పద్మశాలీలకు 101 గోత్రాలని, భావనారుషి కొడుకుల నుంచి అవి వచ్చాయని సంప్రదాయం చెబుతుంది. ఆ పుట్టుక కథను నమ్మినా నమ్మకపోయినా, ఇంటిపేరూ గోత్రమూ రెండూ కలిసినచోట చుట్టరికం ఉండే అవకాశం ఎక్కువ.

రెండవ ఆధారం కూనపులి వారు. పట్టణాల్లో పెరిగిన మిత్రులకు ఈ మాట కొత్తగా ఉండవచ్చు. తెలంగాణలో దాదాపు ప్రతి కులానికీ దాని పురాణం చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉంది. పద్మశాలీలకు కూనపులి వారు, గొల్లలకు మందెచ్చులవారు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివారు, మంగలివారికి అద్దంవారు, కాపు కులాలకు పిచ్చకుంట్లవారు. ఈ పిచ్చకుంట్లవారికే ప్రభుత్వ జాబితాలో తర్వాత వంశరాజ్ అని పేరు మారింది. వీళ్ళకు ఊళ్ళు పంచుకున్న మిరాశీ హక్కులుంటాయి. కొన్నేళ్ళకొకసారి తమ హక్కు ఊరికి వచ్చి, చేర్యాల నకాషీ చిత్రకారులు రాసిన పొడవాటి పటాన్ని గుంజకు కట్టి, రాత్రుళ్ళు కథ చెబుతారు. కథ చివర ఆ ఊరి ఇళ్ళవాళ్ళ గోత్రాలు, పెద్దల పేర్లు చదివి త్యాగం పుచ్చుకుంటారు. పటం పాతబడితే శాస్త్రోక్తంగా నీళ్ళలో నిమజ్జనం చేసి కొత్తది రాయించుకుంటారు.

మేము వాళ్ళను అడుక్కునేవాళ్ళుగానే చూశాం. నా చిన్నతనంలో వాళ్ళు వస్తే బియ్యం కొలిచి ఇచ్చి పంపడమే గుర్తుంది. ఊరు మునిగాక వాళ్ళు ఎవరిని వెతుక్కుంటూ రావాలి? అందుకే ఈసారి నేనే వాళ్ళను వెతుక్కుంటూ పోయాను. మూడు జిల్లాల్లో వాకబు చేయగా మా ఊరి హక్కుదారుల కుటుంబం దొరికింది. పెద్దాయన పటం అమ్ముకోలేదు గానీ కథ చెప్పడం మానేసి ఇరవై ఏళ్ళయింది. కొడుకులు ఆటో నడుపుతున్నారు. ఆయన దగ్గర తండ్రి చేతిరాత పుస్తకం ఒకటుంది. మా ఇంటిపేరు చెప్పగానే గోత్రం అందుకుని, కళ్ళు మూసుకుని ఆరు తరాలు గడగడా చదివాడు. మాకు తెలిసినవి మూడు తరాలే. అందులో ఒకచోట "చిన్నవాని కొమ్మ షోలాపురం" అన్నాడు. మా తాతకు తమ్ముడొకాయన ఉండేవాడని, "బొంబాయి జ్వరం" వచ్చిన కరువు కాలంలో దేశం పోయాడని మా నాయనకు లీలగా తెలుసు. బొంబాయి జ్వరమంటే 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా. ఆ మాటకు ఇప్పుడు ఒక ఊరు దొరికింది.

అయితే ఆరు తరాల్లోనూ ఒక్క ఆడపేరు లేదు. అడిగితే ఆయన నవ్వి, "ఆడోళ్ళ పేర్లు పటంల దేవతలకే ఉంటయి బిడ్డా" అన్నాడు.

మూడవ ఆధారం రెవెన్యూ కాగితాలు. నైజాం కాలపు దస్తావేజులతో పని పడేవాళ్ళు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి భాష. మొదట పారసీ, 19వ శతాబ్దపు చివరి పాతిక నుంచి ఉర్దూ. రెండవది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. అయితే అది ఆజర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో, మొదలవుతుంది. అంటే ఫసలీ 1330 అన్నది 1920 అక్టోబరు నుంచి 1921 అక్టోబరు దాకా. మొదటి సర్వే తర్వాత తయారైనది సేత్వార్. 1954-55లో తయారైనది ఖాస్రా పహాణీ. తెలంగాణలో భూమి తగాదాలన్నీ చివరికి ఈ రెండింటి దగ్గరికే చేరతాయి. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ఊళ్ళ కాగితాలు కార్యాలయాలకు చేరాయి, కొన్ని పట్వారీల అటకల మీదే ఉండిపోయాయి.

ఇన్ని కాగితాలున్నా మా వాళ్ళు అందులో లేరు. భూమి ఉన్నవాడే పహాణీలోకి వస్తాడు. మగ్గం గుంట తప్ప సొంత భూమి లేని నేతగాడికి, కుమ్మరికి, జీతగాడికి సర్కారు లెక్కలో పేరు లేదు. చివరికి మా ఊరి షావుకారి వారసుల దగ్గర ఒక పాత ఇంటిజాగా క్రయపత్రం కనబడింది. ఫసలీ 1326, అంటే 1916-17 నాటిది. పదవీ విరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయుడొకరు ఓపికగా చదివి పెట్టారు. అమ్మినవాడూ మావాడు కాడు, కొన్నవాడూ మావాడు కాడు. నాలుగు హద్దులు చెప్పినచోట మాత్రం, పడమర సాలె అన్నదమ్ముల ఇల్లు అని ఉంది. మా తాత పేరు, తమ్ముడి పేరు రెండూ ఉన్నాయి. మా కుటుంబం గురించి ఆ ఊళ్ళో రాసిన ఒకే ఒక్క వాక్యం, ఇంకొకరి ఆస్తికి హద్దుగా రాసినది. మీకు సొంత పత్రాలు దొరకకపోతే ఇరుగుపొరుగు వాళ్ళ పత్రాల్లో హద్దులు చూడమని నా సలహా.

ఇక షోలాపూర్. అది ఎందుకు తెలుగువాళ్ళ ఊరైందో కొంచెం చెప్పాలి. అక్కడ మొదటి నూలు మిల్లు 1877లో మొదలైంది. అంతకు మూడేళ్ళ ముందే, 1874లో, సికింద్రాబాదు నుంచి వాడి దాకా నైజాం రైలు పడింది. శంకరపల్లిలో బండెక్కితే వాడిలో మారి షోలాపూర్ చేరవచ్చు. మిల్లు బట్ట వచ్చి ఊళ్ళో మగ్గాన్ని దెబ్బతీసింది. ఆ మిల్లే నేతగాణ్ణి కూలికి పిలిచింది. కరువు వచ్చిన ప్రతిసారీ మెదక్, నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల సాలెలు కుటుంబాలతో పోయారు. ఇవాళ షోలాపూర్ తూర్పు భాగంలో నడుస్తుంటే తెలుగు వినబడని వీధి ఉండదు. రాఖీపున్నమ నాడు అక్కడ మార్కండేయ రథోత్సవం ఊరంతా కదిలేట్టు జరుగుతుంది. ఆ ఊరి నుంచి 1980, 1984లలో గంగాధర్ కుచన్, 1989, 1991లలో ధర్మన్న సాదుల్ లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇద్దరూ మన పద్మశాలీలే.

పేర్లు చూశారా? మరాఠీ నోట్లో పడి మన ఇంటిపేర్ల చివరి అచ్చులు రాలిపోయాయి. గాజుల గాజుల్ అయింది, సాదుల సాదుల్ అయింది. ఇంటిపేరు ముందునుంచి వెనక్కి జరిగింది. మధ్యలో తండ్రి పేరు చేరింది. వెతికేవాళ్ళకు ఇది మేలే, ఎందుకంటే ఒక పేరులోనే రెండు తరాలు దొరుకుతాయి. ఆడవాళ్ళ విషయంలో మాత్రం పెళ్ళి కాగానే తండ్రి పేరు పోయి భర్త పేరు వస్తుంది, పుట్టింటి ఇంటిపేరూ పోతుంది. అక్కడితో దారి తెగిపోతుంది.

నేను ఒక రాఖీపున్నమకు బస్సెక్కి పోయాను. మా పటాన్‌చెరు నడిబొడ్డు నుంచి, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట, జహీరాబాదు మీదుగా పోయే ఈ 65వ నంబరు జాతీయ రహదారే షోలాపూర్ దాకా పోతుంది. చుట్టాలు అదే రోడ్డు మీద ఉన్నారు. మేమే ఎనభై ఏళ్ళు ఆ దిక్కు చూడలేదు. కారణం అక్కడికి పోయాక తెలిసింది. మొదట్లో మేనరికాలు జరిగేవి. ఇక్కడి పిల్లను అక్కడికి, అక్కడి పిల్లను ఇక్కడికి ఇచ్చేవారు. ఆడపడుచు ఉన్నంతకాలం రాకపోకలుండేవి. 1948 నాటి గడబిడలో ఒకసారి, 1956లో రాష్ట్రాలు మారినప్పుడు మరోసారి సంబంధాలు పలచబడ్డాయి. మేనరికం ఆగింది, తర్వాత ఉత్తరాలు ఆగాయి. అన్నదమ్ములు తెంచుకున్న చుట్టరికాన్ని కూడా ఆడపిల్లలే మోశారని, వాళ్ళ పేర్లే ఎక్కడా రాయలేదని అక్కడ అర్థమైంది.

గుడి దగ్గర ఇంటిపేరు, గోత్రం, మునిగిన ఊరి పేరు చెప్పి అడుగుతూ పోతే రెండు రోజులకు ఒక ఇల్లు చూపించారు. ఆ ఇంట్లో ఎనభై దాటిన పెద్దామె. మా చిన్నతాత బిడ్డ. నాకు మేనత్త వరస. ఆమె మా ఊరు ఎన్నడూ చూడలేదు. అయినా ఊరి చెరువు, బొడ్రాయి, మా ఇంటి ముందు చింతచెట్టు తండ్రి చెప్పగా విన్నట్టే చెప్పింది. ఊరు నీళ్ళల్లో పోయిందని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అల్లుడా, మీరు దగ్గరుండి పోగొట్టుకున్నరు, మేము దూరముండి దాసుకున్నం" అంది.

ముత్తవ్వ పేరు అడిగాను. ఆమె లోపలికి పోయి బీడీ కార్మికుల గుర్తింపు కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. ఆమె పేరే. మన ఇళ్ళల్లో మనవరాలికి నాయనమ్మ పేరు పెట్టే ఆనవాయితీ ఉంది గదా, చిన్నతాత తన తల్లి పేరు కూతురికి పెట్టుకున్నాడు. నాకు ఆరేళ్ళు దొరకని పేరు ఒక కార్డు మీద ఫోటోతో సహా ఉంది.

ఆ కార్డుకూ ఒక చరిత్ర ఉంది. షోలాపూర్‌లో మగవాళ్ళు మగ్గాల మీద, ఆడవాళ్ళు బీడీల మీద సంసారం నడిపారు. 1966లో బీడీ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాక, ఇంటి దగ్గర కూర్చుని బీడీలు చుట్టే ఆడమనిషికి కూడా ఆమె పేరున కార్డు రావడం మొదలైంది. తర్వాత సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం పూనికతో మహిళా బీడీ కార్మికుల గృహ సహకార సంఘం ఏర్పడి, కుంభారి దగ్గర పదివేల ఇళ్ళు కట్టింది. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అందజేశారు. పటం కథలో లేని, పహాణీలో లేని ఆడపేర్లు ఆ సంఘపు పుస్తకాల్లో వేల సంఖ్యలో ఉన్నాయి. మా ముత్తవ్వ మగ్గం పక్కన ఆసు పోసింది, కండెలు చుట్టింది. అది ఇంటి పని కింద పోయింది కాబట్టి పేరు మిగలలేదు. మనవరాలు చేసిన పనికి చట్టం కూలి అని పేరు పెట్టింది కాబట్టి ఆమె పేరు మిగిలింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించండి. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ నాటాల్ చేరింది మొదలు, సముద్రం దాటిన ఒప్పంద కూలీలందరికీ పట్టీలున్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, వయసు, ఒంటి మీద పుట్టుమచ్చ. ఆడవాళ్ళవి కూడా. మారిషస్‌లో మహాత్మా గాంధీ సంస్థ అటువంటి దస్త్రాలను భద్రపరిచింది. అక్కడి తెలుగువాళ్ళ మునిమనవలు ఆ కాగితాలు పట్టుకుని శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో తమ ఊళ్ళు వెతుక్కోగలరు. కూలీని లెక్క తప్పకుండా వాడుకోవడానికి రాసిన పట్టీ అది, ప్రేమతో రాసినది కాదు. అయినా పనికొచ్చింది. రైలెక్కి మూడు వందల కిలోమీటర్లు పోయినవాడికి ఆ పట్టీ కూడా లేదు.

ఇవాళ మా పటాన్‌చెరు, పాశమైలారం గదుల్లో బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలున్నారు. మా చిన్నతాత షోలాపూర్‌లో ఎట్లా దిగాడో వీళ్ళు ఇక్కడ అట్లా దిగారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. ఎన్నో శరీరాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. దూరాల నుంచి వచ్చిన తల్లిదండ్రుల, అన్నదమ్ముల రక్తనమూనాలు తీసి డీఎన్‌ఏ పరీక్షతో ఎవరు ఎవరో తేల్చవలసి వచ్చింది. కొందరి ఆనవాళ్ళు అప్పటికీ దొరకలేదు. గేటు దగ్గర రాసే హాజరు పుస్తకంలో ఒక పేరు సరిగ్గా ఉండటం ఎంత పెద్ద విషయమో ఆ రోజుల్లో ఇక్కడ అందరికీ తెలిసింది. ఎనభై ఏళ్ళ తర్వాత ఏ మునిమనవడో మా ఊరికి వచ్చి తన తాత గురించి అడిగితే చూపించడానికి మన దగ్గర ఏముంటుంది?

మిత్రులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పండుగకే కూర్చోబెట్టి అడగండి. తాతల పేర్లు ఎట్లాగూ ఎవరో ఒకరు చెబుతారు, అవ్వల పేర్లు ముందు అడగండి. వాళ్ళ పుట్టింటి ఊరు, పుట్టింటి ఇంటిపేరు రాసుకోండి. మనవరాళ్ళ పేర్లు చూడండి, అందులో పాతపేర్లు దాగి ఉంటాయి. మీ కులపురాణం చెప్పేవాళ్ళు ఎవరో కనుక్కుని, పెద్దాయన ఉండగానే ఒకసారి చెప్పించుకుని, త్యాగం గౌరవంగా ఇవ్వండి.

ముత్తవ్వ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ పేరుగల మనిషి షోలాపూర్‌లో ఉంది, ఆమెను వీధిలో పెట్టడం నాకిష్టం లేదు. పెత్తరమాస నాడు మాత్రం ఇప్పుడు ఆగకుండా చెబుతున్నాం. మా మేనత్త ఇంకో మాట కూడా చెప్పింది. ముత్తవ్వ పుట్టిల్లు జోగిపేట దిక్కున అట. ఈ ఎండాకాలం అటు పోవాలనుకుంటున్నాను. ఆ అవ్వకూ ఒక తల్లి ఉండే ఉంటుంది కదా.